పైవరసలో గుచ్చిన తీగ

అయ్యా విచారణాధికారి గారూ, నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

నేను ఊడ్చి తుడిచే ఆఫీసులో కంప్యూటర్ల తీగలన్నీ ఒకే పెట్టెలోకి వస్తాయి. పైవరస కన్నాలు మేనేజరు వాళ్లవి, కింది వరస ప్యాకింగు ఆడవాళ్లవి. బిగించిన ఇంజనీరే నాకు చెప్పాడు: "దీన్ని వీలాన్ అంటారు మామ్మా. పెట్టె ఒకటే అయినా వేరుకాపురాలు. వీళ్ల మాట వాళ్లకు వినపడదు. తీగ ఎవరిదైనా సరే, ఏ వరసలో గుచ్చితే ఆ ఇంటి మనిషైపోతుంది."

సోమవారం నేను దుమ్ము దులిపాక ప్యాకింగు వాళ్ల తీగ పైవరసలోకి వెళ్లింది. మేనేజరు దాచుకున్న కాగితం వాళ్ల కంప్యూటర్లో కనపడింది. పనిలోంచి తీసెయ్యబోయే తొమ్మిదిమంది పేర్లవి. ఆడవాళ్లంతా గేటు ముందు బైఠాయించారు. మూడో రోజుకు ఆ కాగితం రద్దయింది.

ఇప్పుడు మేనేజరు నన్ను పిలిచాడు. "పెద్దదానివి, పొరపాటున గుచ్చానని వేలిముద్ర వెయ్యి. నీ ఉద్యోగం నీకుంటుంది. లేదంటే ఇంటికే."

"ఆ పేర్లు నా ముందే ఫోనులో ఎవరికో చదివి వినిపించావు కదయ్యా, నేనేమన్నా కుర్చీననుకున్నావా?" అన్నాను.

అయ్యా, మేనేజరు రాయించిన కాగితంలో ఆ పొరపాటనే మాట కొట్టేసి, కావాలనే గుచ్చానని రాయించండి. వేలిముద్ర రెండుసార్లు వేస్తాను.