పక్క గది చప్పుడు

ఆమె గోడను అరచేత్తో దబదబా బాదింది.

"మిషన్ ఆపండి! ఇక్కడ పసిపిల్ల ఉంది!"

గోడకవతల కుట్టుమిషన్ టకటక ఆగింది.

ఇవతల ఏడుపు మాత్రం ఆగలేదు. పిల్ల పిడికిళ్ళు బిగించి, ముఖం కందగడ్డలా చేసుకుని గుక్కపెడుతోంది.

పాలిచ్చింది. తడిగుడ్డ మార్చింది. భుజాన వేసుకుని వీపు నిమురుతూ ఈ మూల నుంచి ఆ మూలకి తిరిగింది. పిల్ల దేనికీ లొంగలేదు.

పుట్టినప్పటి నుంచీ ఇదే వరస.

సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చిన డ్రైవరు భర్త గుమ్మంలోనే నవ్వాడు.

"ఏం, మన సైరన్ ఇవాళ మోగిందా?"

"మోగడం ఆపితే కదా."

"నా బస్సుకి హారన్ పాడైంది. రేపు దీన్ని తీసుకెళ్ళి ముందు కట్టేస్తాను. ఒక్కడూ అడ్డం రాడు."

ఆమెకి నవ్వు రాలేదు. పాలతో తడిసిన బట్టలతోనే గోడకి ఆనుకుని కూలబడింది.

"ఇవాళ దీన్ని మంచం మీద విసిరేసినంత పని చేశాను. తలుపేసి వరండాలోకి పారిపోయాను. నా చేతులంటే నాకే భయమేస్తోందండీ."

అతని నవ్వు ఆగిపోయింది.

"మీ అమ్మ ఉండుంటే..."

"లేదుగా. ఉన్నదల్లా ఆ పక్క గది ఆవిడ. నేను గమనించాను. ఇది ఎప్పుడు ఏడ్చినా అక్కడ మిషన్ తిరుగుతూనే ఉంటుంది. ఆ మోతకే దీనికి నిద్ర పట్టట్లేదు."

మర్నాడు పిల్లను ఎత్తుకుని, ఇంటి ఓనరమ్మని వెంటబెట్టుకుని, పక్క గది తలుపు తట్టింది. ఈ ఇంట్లో అద్దెకి దిగీ దిగగానే కాన్పు అయింది. ఆ గది మనిషిని చూడటం అదే మొదలు.

తలుపు ఓరగా తెరుచుకుంది. పుల్లలా ఉన్న ఓ ముసలామె. పిల్లను చూడగానే బోసినోరు విప్పారింది.

"ఇదేనా మన గడుగ్గాయి? ఆ గొంతు విని ఎంత మనిషో అనుకున్నాను. పిడికెడు కూడా లేదే!"

"నవ్వుతారేంటి మామ్మగారూ? మీ మిషన్ మోతకి ఇది కునుకు తీయట్లేదు."

బోసినవ్వు చప్పున ఆరిపోయింది.

"మిషన్ మోతకా?"

"మరి దేనికనుకున్నారు? మీకేం, హాయిగా కుట్టుకుంటూ కూర్చుంటారు. మధ్యలో చచ్చేది నేను."

"నేనింకా..." అంటూ ముసలామె పిల్ల వైపు చూసింది. అనబోయిన మాట మింగేసింది. "తల్లివి. నీకంటే నాకెక్కువ తెలుస్తుందా? ఇక తొక్కనులే అమ్మా."

ఓనరమ్మ అంతటితో ఊరుకోలేదు.

"ఇవాళ తొక్కననే అంటారు, రేపు మళ్ళీ మొదలెడతారు. మీ అక్క మనవరాలు రమ్మంటూనే ఉందిగా, వెళ్ళి అక్కడ ఉండకూడదూ? ఇది పిల్లలున్న ఇల్లు."

పిల్ల తల్లి అడ్డు చెప్పలేదు. లోలోపల అదే మంచిదనుకుంది.

ఆ వారంలోనే ముసలామె చేతిసంచీతో వెళ్ళిపోయింది. గదికి తాళం పడింది. ఇల్లంతా నిశ్శబ్దమైంది.

ఆ నిశ్శబ్దంలో పిల్ల ఏడ్చింది.

ఇదివరకు మధ్యమధ్యలో కాస్త తెరిపి ఉండేది. ఆ కాసేపట్లో ఆమె నాలుగు ముద్దలు తినేది, నడుం వాల్చేది. ఇప్పుడు అదీ లేదు. "పిల్లలన్నాక ఏడవరా అమ్మా" అని డాక్టరు పంపించేశాడు. భర్త హారన్ జోకులు మానేశాడు. ఇంటికొచ్చి మౌనంగా పిల్లను అందుకుని, మౌనంగా తిరిగి ఇచ్చేసేవాడు.

ఆమె వరండాలోకి పారిపోవడం రోజూ జరిగేదే అయింది.

ఓ మధ్యాహ్నం అలాగే తలుపు దగ్గరికి లాగి వరండాలో నిలబడింది. లోపలి నుంచి ఏడుపు. చెవులూ కళ్ళూ గట్టిగా మూసుకుంది. కళ్ళు తెరిచేసరికి పక్క గది తాళం తీసి ఉంది. ఓ అమ్మాయి కుట్టుమిషన్‌ని బయటికి ఈడ్చుకొస్తోంది.

"మీరు మామ్మగారికి..."

"అక్క మనవరాల్ని. మా చిన్నమ్మమ్మ మొన్న పోయిందక్కా. ఇది తీసుకెళ్దామని వచ్చాను."

ఆమె మిషన్ వైపు చూసింది. ఏదో ఒకటి అనాలని అంది.

"పాపం, పెద్దవయసులోనూ ఎంత కష్టపడేవారో. పొద్దస్తమానం కుడుతూనే ఉండేవారు."

"కుట్టడమా?" ఆ అమ్మాయి వింతగా చూసింది. "చేతులు వణుకుతున్నాయని కుట్టడం మానేసి ఏళ్ళయిందక్కా. ఇదిగో, దీనికి సూది కూడా లేదు."

నిజంగానే లేదు. దారం లేదు. చక్రం దగ్గర బెల్టు మాత్రం అరిగి నున్నగా మెరుస్తోంది.

"మరి... ఎందుకు తొక్కేవారు?"

"మీ పాప కోసమేగా! మా ఇంటికొచ్చాక చెప్పింది. పాప ఏడ్చినప్పుడల్లా తొక్కేదట. ఆ చప్పుడు వింటే ఊరుకుంటుంది, తల్లి కాసేపు పడుకుంటుంది అనుకునేదట. కాళ్ళు చూస్తే అలా వాచిపోయి ఉన్నాయి."

లోపల పిల్ల గొంతు చించుకుంది.

మిషన్ మీది చెయ్యి తీయకుండానే ఆ అమ్మాయి తలుపు వైపు అయోమయంగా చూసింది.

"అదేంటక్కా, ఇంకా ఏడుస్తోంది? పసిదాన్ని అన్నాళ్ళూ నేనే ఏడిపించానా అని మా చిన్నమ్మమ్మ ప్రాణం పోయేదాకా అడుగుతూనే ఉందే!"