రొంటిన దాచిన చక్రీ

పులివెందుల బస్టాండులో దిగీ దిగగానే మల్లికార్జునయ్య తన కొడుకు శేషగిరి జేబులు తడిమాడు. అనుకున్నంతా అయింది. చొక్కా జేబులో చక్రీ ఉంది.

"పెండ్లిచూపులకు వచ్చేవాడు ఆటబొమ్మ తెచ్చుకుంటాడేందిరా? ఆడ నువ్వు నోరు తెరిచేది లేదు. అంతా నేను మాట్లాడతా," అని దాన్ని లాక్కుని సంచిలో పడేసుకున్నాడు.

శేషగిరి తల ఊపాడు. జమ్మలమడుగు తాలూకాఫీసులో గుమాస్తా అతను. బంగారంలాంటి పిల్లవాడే, కాకపోతే నత్తి. తాళం, లయ ఉంటే ఆ నాలుకకు ఏ బాధా లేదు, సంధ్యావందనం మంత్రాలు గడగడా చెప్పేస్తుంది. మామూలు మాట దగ్గరికి వచ్చేసరికి మొండికేస్తుంది. ఆ సంగతి తెలిసి దువ్వూరు సంబంధం ఒకటి, మైదుకూరు సంబంధం ఒకటి చెయ్యి జారిపోయాయి.

అతని నోట మాట పలికించేది చక్రీయే. రెండు చెక్కబిళ్లలు, వాటి మధ్య కదలని ఇరుసు, ఇరుసుకు దారం. దారం చుట్టి వదిలితే కిందికి దిగి, మళ్లీ ఎక్కి చేతిలోకి వస్తుంది. ఆ ఎక్కడం దిగడంతో పాటు మాటా నడుస్తుంది. ప్రొద్దుటూరులో మంచంకోళ్లను తరిమెన మీద గిరగిరా తిప్పి నునుపు చేసే అలీ అహ్మద్ చేత ఒక్కొక్కటే చేయించుకుని శేషగిరి ఒక పెట్టె నింపుకున్నాడు. లావు ఇరుసువి చకచకా తిరిగొస్తాయి, ఆఫీసులో 'సరే సార్' అనడానికి అవి చాలు. ఎర్రచందనంతో చేసినదానికి మాత్రం ఇరుసు సన్నం. అది నింపాదిగా దిగుతుంది. మనసులో మాట చెప్పాలంటే అదే కావాలి. పాపం, మల్లికార్జునయ్య జేబులు వెతికాడు గాని కొడుకు రొంటిన ఏముందో చూడలేదు.

బాలకృష్ణయ్య పంతులు ఇంట్లో చాపలు పరిచి ఉన్నాయి. ఉప్మా, కాఫీ అయ్యాక ఆయన కూతురు గౌరి వచ్చి కూర్చుని ఒక కీర్తన పాడింది. ఎక్కడా తడబాటు లేదు. ఆ గొంతు వింటున్నంతసేపూ శేషగిరికి ప్రాణం లేచి వచ్చింది. పాట ఆగగానే దిగులు పట్టుకుంది.

పిల్ల ఎంతవరకు చదివిందని మల్లికార్జునయ్య అడిగాడు. గౌరి తలెత్తేలోపలే, ఎనిమిదో తరగతి అని బాలకృష్ణయ్య చెప్పేశాడు. వంట సంగతి ఎత్తితే తల్లి రాజేశ్వరమ్మ గుత్తివంకాయ దగ్గర్నుంచి అందుకుంది. అబ్బాయి చేసే పనేమిటని బాలకృష్ణయ్య అడిగినందుకు, మల్లికార్జునయ్య రికార్డు రూమును బీరువాలతో సహా వర్ణించాడు. ఆంధ్రప్రదేశ్ వచ్చినా ఆ గదిలో ఇంకా మద్రాసు కాలం కాగితాలే ఉన్నాయని, అవన్నీ తనవాడి చేతిమీదుగానే కదలాలని చెప్పాడు. చూసేవాళ్లకు ఆ పెద్దమనుషులిద్దరికే సంబంధం కుదిరేట్టు కనిపించింది.

"పిల్ల శానా అణకువ. వచ్చినప్పట్నుంచి ఒక్క మాట మాట్లాడలేదు," అని మురిసిపోయాడు మల్లికార్జునయ్య.

"మీవాడు మాత్రం తక్కువా? ఇట్లాంటి పిల్లోడు ఈ కాలంలో యాడ దొరుకుతాడు. ఇంక తాంబూలాలు పుచ్చుకుందాం," అన్నాడు బాలకృష్ణయ్య. ఆయనకేదో తొందరగా ఉన్నట్టుంది.

రాజేశ్వరమ్మ పళ్లెంలో తమలపాకులు సర్దింది. శేషగిరి ఆ పళ్లెం వైపు చూశాడు. ఊరుకుంటే ఆ గొంతు రేపు తన ఇంట్లో వినిపిస్తుంది. నోరు తెరిస్తే ఇదీ పోతుంది. కానీ ఇంత చక్కగా పాడే పిల్లను మోసం చేసి తీసుకుపోయి, ఆ తర్వాత ఏ మొహం పెట్టుకుని పలకరించాలి?

లేచి నిలబడ్డాడు. రొంటిన ఉన్న ఎర్రచందనం చక్రీ తీసి దారం వేలికి తగిలించుకున్నాడు. తండ్రి పంచె పట్టి లాగినా కూర్చోలేదు.

"నాకు... నత్తి ఉంది..." చక్రీ దిగింది, ఎక్కింది. "ఇది ఆడిస్తే... మాటొస్తుంది... ఇంట్లో పెట్టెనిండా... ఇట్లాంటివే ఉండాయి... ఈ సంగతి దాచిపెట్టి... పెండ్లి చేసుకోను."

మల్లికార్జునయ్య తల దించుకుని సంచి కోసం వెతుక్కున్నాడు. బాలకృష్ణయ్య ముఖం పాలిపోయింది. రాజేశ్వరమ్మ కూతుర్ని లోపలికి తీసుకుపోదామని గబుక్కున చెయ్యి పట్టుకుంది.

గౌరి ఆ చెయ్యి విడిపించుకుని తిన్నగా శేషగిరి ముందుకు వచ్చింది. చక్రీ కోసం అరచేయి చాపింది. తీసుకుని వీధిలోకి విసిరేస్తుందేమో అనుకున్నాడతను. అయినా ఇచ్చాడు.

ఆమె దారం వేలికి తగిలించుకుని వదిలింది. చక్రీ దిగింది గాని ఎక్కలేదు, దారం చివర ఊగుతూ ఉండిపోయింది. శేషగిరి దాన్ని మళ్లీ చుట్టి ఇచ్చి, మణికట్టుతో పైకి ఎలా లాగాలో సైగ చేసి చూపించాడు. ఈసారి సగం ఎక్కింది. ఆ పైసారి బుద్ధిగా చేతిలోకి వచ్చింది. ఆమె ఇంకా ఆడిస్తూనే ఉంది.

"వద్దమ్మా," అన్నాడు బాలకృష్ణయ్య, బతిమాలుకుంటున్నట్టు.

గౌరి తండ్రి వైపు చూడలేదు.

"మీ... మీ... మీ..." అని గొంతు పట్టేసి ఆగిపోయి, చక్రీని కిందికి వదిలి, అది ఎక్కి వచ్చేదాకా ఓపిక పట్టి, అప్పుడడిగింది: "మీ పెట్టెలో... నాకూ... ఒకటి ఉందా?"