ఒంటరి డ్యూటీ

"బడ్జెట్ల కోత పెట్టిన్రు. జీపుకు డీజిల్ లేదు, నీ వెంట తోలుదామంటె ఇంకో మనిషి లేడు. ఆటోల పో," అన్నాడు ఎస్సై.

కానిస్టేబుల్ స్రవంతి పళ్ళు కొరుక్కుంటూ, తాగొచ్చి కొడవలి పట్టిన కొడుకు మీద ఫిర్యాదుకొచ్చిన సారలమ్మ వెంట బయల్దేరింది.

వాకిట్లోనే వాడు కొడవలి ఎత్తాడు. స్రవంతి లాఠీ లేపేలోపే సారలమ్మ అడ్డంగా నిలబడింది.

"ఆడపిల్ల ఒక్కతే వచ్చిందిరా! ముందుగాల నన్ను నరుకు."

వాడి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. స్రవంతి కొడవలి గుంజుకుని, వాణ్ణి ఆటో ఎక్కించింది.

"శభాష్! ఒక్కదానివే పట్టినవ్," ఫోన్లో మెచ్చుకున్నాడు ఎస్సై.

స్రవంతి సారలమ్మ వైపు చూసింది.

"కాపాడుమని మన దగ్గరికి వచ్చిన అమ్మనే నన్ను కాపాడింది సార్. రేపు ఎవరిని అడ్డం పెడ్తరు?"