పెద్దలకు మాత్రమే

ఆ సోషల్ మీడియా వేదిక వాళ్ళు మెయిల్లో చెప్పింది ఒకటే. 'పెద్దలకు మాత్రమే' అన్న ముద్ర ఉన్న పేజీలను వచ్చే నెల నుంచి బయటి యాప్‌లకు ఇవ్వరు. పిల్లల క్షేమం కోసమట. చూడదలచుకున్న వాళ్ళు ఆ వేదిక సొంత యాప్‌లో, వయసు చెప్పి చూసుకోవచ్చట.

టెగన్ దాన్ని వంటింట్లో నిలబడి చదివింది. టోస్టు మాడిపోయింది.

ఆ వేదిక మీద లోకమంతా గుంపులు కట్టి కబుర్లు చెప్పుకుంటుంది. దాని సొంత యాప్‌లో మాటిమాటికీ ప్రకటనలు. ఎవరు ఏ పేజీ చూస్తారో కనిపెట్టి, దానికి తగ్గవే వేస్తారు. అవి భరించలేకే టెగన్ ఉద్యోగం మానేసి, బర్నీ ఊళ్ళో తన ఇంటి వెనక గదిలో కూర్చుని, అవే పేజీలను ప్రకటనలు లేకుండా చూపించే యాప్ ఒకటి ఒంటిచేత్తో తయారు చేసింది. కొన్ని వేలమంది వాడుతున్నారు. ఎక్కువమంది వచ్చేది ఆ ముద్ర ఉన్న పేజీల కోసమే.

ఆదివారం పెరట్లో సాసేజీలు కాలుస్తుంటే సంగతి బయటపడింది. తమ్ముడు లాక్లన్ పడీపడీ నవ్వాడు.

"మా అక్క ఏదో పెద్ద కంప్యూటర్ పని వెలగబెడుతోందనుకున్నా. జనానికి బూతు బొమ్మలు చేరవేస్తోందన్నమాట."

"నోరు మూసుకుని తిను లాకీ," అన్నాడు టెగన్ భర్త డూగల్.

"ఓహో, బావకీ తెలుసా!"

ఏ పేజీలని ఎవరూ అడగలేదు. టెగన్ పెనం మీద ఉల్లిపాయలు తిప్పుతూ ఉండిపోయింది.

యాప్ వాడేవాళ్ళకు కబురు పంపితే జవాబులు వచ్చిపడ్డాయి. ఇన్వర్‌కార్గిల్ నుంచి ఒకాయన, స్నానాల గదిలో తలుపేసుకుని చూసుకుంటాననీ, భార్యకు తెలియదనీ, దయచేసి తీసెయ్యవద్దనీ రాశాడు. సువాలో ఒక టీచరమ్మ బడి విరామంలో కారులో కూర్చుని చూస్తుందట. ఇంకెక్కడా చూడలేనంది.

టెగన్ వేదిక వాళ్ళకు మెయిళ్ళ మీద మెయిళ్ళు పెట్టింది. చివరికి ఆఫీసు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. మర్యాదగానే మాట్లాడింది. ఆ ముద్ర వేసుకున్నది గుంపుల వాళ్ళేననీ, తెలియక తెరిచినవాళ్ళు ఇబ్బంది పడకూడదని వేసుకున్నారనీ టెగన్ చెప్పుకుంది. ఈ ఒక్క గుంపునైనా వదలమని బతిమాలింది.

"ముద్రలో రకాలుండవండీ," అంది ఆ అమ్మాయి. "పడిందంటే అన్నీ ఒకటే."

మిగతా పేజీలతో యాప్ నడపమన్నాడు డూగల్. పిల్లుల ఫొటోలు చూడ్డానికీ జనం వస్తారన్నాడు.

"పిల్లుల కోసమా నేను ఇది చేసింది?" అంది టెగన్.



గడువు రోజు ఉదయం టెగన్ యాప్‌ను మూసేసింది. ఆ తర్వాత ఏం చేయాలో తోచక కుర్చీలోనే కూర్చుంది. డూగల్ వచ్చి పక్కన స్టూలు లాక్కున్నాడు. ఇన్నేళ్ళలో ఆమె ఆ పేజీ తెరిస్తే చాలు, అతను లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. ఒక్కసారీ చూడలేదు.

"చూపించు," అన్నాడు. "నేనూ చూస్తా."

"ఇక మనదాంట్లో రాదు. వాళ్ళదాంట్లోనే చూడాలి."

"సరే, అందులోనే."

"ప్రకటనలుంటాయి డూగల్."

"ఉండనీ."

టెగన్ ఫోన్ అతనికే ఇచ్చేసింది. మీకు పద్దెనిమిదేళ్ళు నిండాయా అని తెర అడిగింది. అతను అవునని నొక్కి, ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

సగం ధరకే ఉయ్యాలలంటున్న ప్రకటన కింద, పుట్టగానే పోయిన పసిబిడ్డల ఫొటోల నడుమ, ఊలు టోపీతో, ఒక్క పూటైనా బతకని వాళ్ళ పాప కనిపించింది.