వెనక్కి జరిపిన సీటు

బానెట్టు నుజ్జయిన మా కారు చుట్టూ ఒకసారి తిరిగి, "నడిపింది ఎవరండీ?" అన్నాడు ఇన్సూరెన్సు అధికారి.

"నేనే నాయనా," అన్నాను.

మా అబ్బాయి అక్కడితో ఊరుకోవచ్చుగా! "అమ్మకి చూపు ఆనదు సార్. నడపొద్దంటే వినదు," అని నిట్టూర్చాడు. ఇప్పటికీ అద్దాలు లేకుండా పేపరు చదివేదాన్ని, నోరు వెళ్ళబెట్టాను.

"చూపు ఆననివాళ్ళు నడిపితే డబ్బు రాదండీ. సరే, ఒకసారి సీట్లో కూర్చోండమ్మా."

కూర్చున్నాను. బ్రేకుకు జానెడు దూరంలో నా కాళ్ళు వేలాడాయి.

"ఈ సీటు ఎవరి కాళ్ళకు సరిపోతుందమ్మా?"

లైసెన్సు రద్దయిన ఆరడుగుల కొడుకును కాపాడుదామనే కదా నేను అబద్ధమాడింది!

"నువ్వే చూసి చెప్పరా నాయనా," అన్నాను వాడితో. "నాకు చూపు ఆనదుగా."