కింది అంతస్తు బెల్లు

లిఫ్టు రావడం లేదు.

టైలరమ్మ చక్రాల కుర్చీలోంచి చెయ్యి చాపి మళ్ళీ బెల్లు నొక్కింది. పైనెక్కడో సన్నగా మోగింది. ఎవరూ ఉలకలేదు, పలకలేదు.

పోయినసారీ ఇంతే. పింఛను కొనసాగించాలో లేదో తేల్చడానికి ఈ ఆఫీసుకి పిలిచిన రోజున ఇలాగే కింద కూర్చుండిపోయింది. పైన ఆమె పేరు పిలిచారు. మనిషి రాలేదన్నారు. ఫైలు మూసేశారు.

కాళ్ళు పడిపోయి కుట్టు మెషిను తొక్కలేని మనిషికి ఆ పింఛనే ఆధారం. అప్పీలు చేసుకుంటే ఇవాళ రమ్మన్నారు. ఇవాళ కూడా పైకి చేరకపోతే ఇక అంతే సంగతులు.

లిఫ్టు పక్కన స్టూలు మీద ఖాకీ చొక్కా మనిషి ఒకడు కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో గుడ్డ సంచి. నోరు కొంచెం తెరిచి, తీరిగ్గా లిఫ్టు వైపే చూస్తున్నాడు.

"ఏమయ్యా, లిఫ్టేదీ?"

"పైన ఆగిపోయిందమ్మా. ఎవరో గేటు వెయ్యకుండా వదిలేసినట్టున్నారు."

అది పాతకాలం లిఫ్టు. మడత గేట్లు. ఏ అంతస్తులో గేటు తెరిచి ఉన్నా అంగుళం కదలదు.

"మరి వెళ్ళి వెయ్యవేం? నిన్ను ఆ స్టూలుకి కాపలా పెట్టారా?"

ఆ మనిషి ఆమె కుర్చీ వంక చూశాడు. మెట్ల వంక చూశాడు.

"మిమ్మల్నీ ఇవాళే పిలిచారామ్మా?"

"లేకపోతే గాలి పీల్చుకోడానికి వచ్చాననుకున్నావా?"

"తోడెవరూ రాలేదా?"

"ఉంటే నిన్నెందుకు బతిమాలుతాను?"

నిజానికి ఆమె బతిమాలిందేమీ లేదు. ఆ విద్య ఆమెకు రాదు. ఇంట్లో పలకరించే మనిషి లేక మాటలన్నీ లోపలే పేరుకుపోయాయి. నోరు తెరిస్తే కస్సుమంటూ బయటికొస్తాయి.

అతను లేచి మెట్లెక్కాడు. మలుపు దగ్గర ఆగి కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు.

"పెళ్ళినడక నడుస్తున్నాడు" అని గొణుక్కుంది.

చాలాసేపటికి పైన గేటు మూసిన చప్పుడైంది. లిఫ్టు దిగింది. లోపల అతనే. చొక్కా చెమటకి తడిసి వీపుకి అంటుకుపోయి ఉంది. గేట్లు తీసి, ఆమె కుర్చీని లోపలికి తోశాడు. కుర్చీతోనే లిఫ్టు నిండిపోయింది. ఇంకో మనిషికి చోటు లేదు.

"మీరు వెళ్ళండమ్మా. పైన దిగాక... ఎవరిచేతైనా... గేటు వేయించండి. మర్చిపోకండి."

"నీ పని కూడా నేనే చెయ్యాలా?"

అతను ఏదో చెప్పబోయాడు. ఆయాసం అడ్డొచ్చింది. నవ్వి, బయటి నుంచి గేట్లు లాగాడు.

పైన ఎవరో గేటు తీసి, ఆమెను దించి, తన దారిన తను పోయాడు. అప్పటికే ఆమెను పిలుస్తున్నారు. గేటు సంగతి గుర్తురాకపోలేదు. బెంచీల మీద బోలెడు మంది ఉన్నారు, ఒక్క మాట అంటే చాలు.

'లిఫ్టు మనిషి ఉన్నాడుగా, వాడే చూసుకుంటాడు' అనుకుని చక్రాలు తిప్పింది.

"పోయినసారి పిలిచినప్పుడు మీరు రాలేదు. అందుకే మూసేశాం" అన్నాడు ఆఫీసరు.

"వచ్చాను సార్. కిందే ఉన్నాను. పైన గేటు తెరిచి వదిలేశారు. బెల్లు కొట్టి కొట్టి వేలు నొప్పి పుట్టింది."

"బెల్లా? మాకెప్పుడూ వినపడలేదే?"

"గట్టిగా వినపడదు సార్. కాస్త చెవి పెట్టాలి."

ఆఫీసరు కలం ఆపాడు. గదిలో అందరూ చెవి పెట్టారు.

అప్పుడు వినపడింది. సన్నగా, గోడ అవతలి నుంచి. ఆగింది. మళ్ళీ మోగింది.

"అదే సార్! అదే!"

ప్యూను తల గోక్కున్నాడు. "అది ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది సార్. అలవాటైపోయి మేం పట్టించుకోం."

ఆఫీసరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"తప్పు మాదేనమ్మా. మీ ఫైలు మళ్ళీ తెరుస్తున్నాం. ఆగిన నెల నుంచీ పింఛను వస్తుంది."

టైలరమ్మకు ఏడుపొచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

బెల్లు ఇంకా మోగుతూనే ఉంది. ఎవరు కొడుతున్నారో చూసి రమ్మనాలని ఆ గదిలో ఎవరికీ తోచలేదు. ఆమెకు కూడా.

బయటికి వచ్చేసరికి ఈ సంగతి ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. ఎవరికి? ఎంత ఆలోచించినా ఒక్క మొహమే గుర్తొచ్చింది. ఎంత కసిరినా నవ్వి ఊరుకున్న ఆ లిఫ్టు మనిషిది. కిందికి దిగగానే అతనికే ముందు చెప్పాలి, ఒక మంచి మాట కూడా అనాలి.

గేటు ఆమె వదిలినట్టే బార్లా తెరిచి ఉంది. బెల్లు ఆగిపోయింది.

వెంట వచ్చిన ప్యూనుతో అంది, "మీ లిఫ్టు మనిషి బద్ధకస్తుడే గానీ, మంచివాడయ్యా."

"ఈ లిఫ్టుకి మనిషెక్కడున్నాడమ్మా? ఎప్పుడూ లేడు."

"మరి కింద స్టూలు మీద... ఖాకీ చొక్కా, గుడ్డ సంచి..."

"ఓ, ఆయనా?" ప్యూను ఆమె కుర్చీని లిఫ్టులోకి తోస్తూ అన్నాడు. "పాపం, ఊపిరితిత్తులు పాడైపోయిన మనిషి. ఎలా ఎక్కాడో ఏమో, ఇందాక మెట్లెక్కి వచ్చాడు. బెంచీ మీద కూర్చోమంటే, కింద ఒకావిడ ఉందంటూ మళ్ళీ లిఫ్టులో దిగిపోయాడు. ఆయనదీ ఇవాళే అప్పీలమ్మా, పక్క గదిలో. పిలిస్తే మనిషి రాలేదని ఇప్పుడే ఫైలు మూసేశారు."