మేడమ్ స్థానంలో వచ్చినవాడు

కొత్త కోచ్ చెయ్యి చాపాడు.

కెప్టెన్ ఆ చేతిని చూసి, తన చేతులు రెండూ జేబుల్లో దోపుకుంది.

"మా అమ్మాయిని దింపడానికొచ్చాను. మీతో పరిచయం పెంచుకోవడానికి కాదు."

ముసలాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మంచిదమ్మా," అని బంతుల సంచి భుజానికెత్తుకుని గ్రౌండ్‌లోకి నడిచాడు.

కెప్టెన్ ఇప్పుడు ఏ జట్టుకీ కెప్టెన్ కాదు. రెండు వీధుల అవతల బేకరీ నడుపుతోంది. పక్కనే నిలబడి పళ్లు నూరుతున్న గోలీ స్కూలు వ్యాను తోలుతుంది. చిన్నప్పుడు ఇద్దరూ ఇదే క్లబ్బులో ఫుట్‌బాల్ ఆడారు, ఒకరు కెప్టెన్‌గా, ఇంకొకరు గోల్‌కీపర్‌గా. పెళ్లిళ్లయి పిల్లలు పుట్టినా ఆ పేర్లు పోలేదు, ఆ జట్టూ చెదరలేదు. ఒకరింట్లో జ్వరమొస్తే ఇంకొకరింట్లోంచి క్యారేజీ వెళ్లాల్సిందే. ఇప్పుడు వాళ్ల కూతుళ్లు అదే గ్రౌండ్‌లో ఆడుతున్నారు.

అందర్నీ అలా కట్టి ఉంచింది, అప్పుడు వాళ్లకీ తర్వాత వాళ్ల కూతుళ్లకీ కోచ్‌గా ఉన్న మేడమ్. తల్లి పోయిన ఏడాది గోలీని సొంత ఇంట్లో పెట్టుకుని పరీక్షలు రాయించిన మనిషి.

అలాంటి మేడమ్‌ని క్లబ్బు సెక్రటరీ గెంటేశాడు. తన మేనకోడల్ని జట్టులోకి తీసుకోలేదన్న కసితో, పిల్లల్ని కొడుతోందని నింద వేశాడు. ఆవిడ ఎవరికీ చెప్పకుండా చెల్లెలి ఊరు వెళ్లిపోయింది. ఫోను కూడా ఎత్తడం లేదు.

వారం తిరక్కుండా ఈ ముసలాయన దిగాడు.

"ఎక్కణ్ణించి ఊడిపడ్డాడే వీడు?" అంది కెప్టెన్.

"ఏమో! మొన్న సెక్రటరీ గదిలోంచి వస్తుంటే చూశాను. తలుపేసుకుని చాలాసేపు మాట్లాడుకున్నారు. వంగి దండం పెట్టి మరీ బయటికొచ్చాడు."

"అయితే ఇద్దరూ కలిసే మేడమ్‌కి గొయ్యి తవ్వారన్నమాట."

"వీణ్ణి వదలకూడదు కెప్టెన్."

"వదిలితేగా!"

పాత జట్టు మొత్తం ఏకమైంది.

ముసలాయన బేకరీకి వస్తే, అద్దాల వెనక రొట్టెలు వరసగా కనిపిస్తూనే ఉన్నా "అయిపోయాయి" అంది కెప్టెన్. ఆయన ఆ రొట్టెల వంక చూసి, తలూపి వెళ్లిపోయాడు.

ఆయన అద్దెకున్న గది జట్టులో ఒకామె అత్తగారిది. ఖాళీ చేయించారు. బంతులు దాచే గదిలో మడతమంచం వేసుకున్నాడు.

వ్యానులో వెళ్తూ గోలీ కావాలనే బురదలోంచి పోనిచ్చింది. ఆయన ప్యాంటు దులుపుకుని ఈల ఊదాడు. ప్రాక్టీసు ఒక్కపూట కూడా ఆగలేదు.

"అమ్మా, కొత్త సార్ ఎంత బాగా నేర్పుతున్నారో!" అంది కెప్టెన్ కూతురు.

"ఇంకోసారి ఆయన ఊసెత్తావంటే కాళ్లిరగ్గొడతాను."

లీగ్ మ్యాచ్ రోజొచ్చింది. అసలు దెబ్బ ఆ రోజుకే దాచుకున్నారు.

పిల్లలందర్నీ గోలీ వ్యానులో ఎక్కించుకుని గ్రౌండ్‌కి కాక సినిమాకి తీసుకెళ్లి దింపి, తాను మాత్రం తిరిగొచ్చింది. అవతలి జట్టు బూట్లు కట్టుకుని సిద్ధంగా ఉంది. ఇవతల ముసలాయన ఒక్కడే, ఉతికి మడతపెట్టిన జెర్సీల పక్కన నిలబడి గేటు వైపు చూస్తున్నాడు.

కంచె బయట నిలబడి పాత జట్టు ఆ దృశ్యాన్ని కళ్లారా చూసింది.

రిఫరీ అవతలివాళ్లు గెలిచినట్టు ప్రకటించాడు.

ముసలాయన కంచె దగ్గరికొచ్చాడు.

"పిల్లలేరమ్మా?"

"రారు. మీరున్నంత కాలం రారు," అంది కెప్టెన్.

"కోపముంటే నన్ను కొట్టండి. జట్టు దిగకపోతే అమ్మాయిల ఆటే తీసేస్తాడమ్మా సెక్రటరీ. ఆ సాకు కోసమే కాచుక్కూచున్నాడు."

"మా మేడమ్ లేని జట్టు ఉంటే ఎంత, పోతే ఎంత?"

ఆయన పెదవులు కదిలాయి. ఏదో చెప్పబోయాడు. వెనక సెక్రటరీ వస్తున్న అలికిడి విని నోరు మూసుకున్నాడు.

ఆ సాయంత్రమే ముసలాయన పెట్టె పట్టుకుని బస్సెక్కాడు. గోలీ తన వ్యానుతో మలుపు దాకా ఆ బస్సు వెనకే హారన్ మోగిస్తూ వెళ్లింది.

మర్నాడు క్లబ్బు గేటుకి బోర్డు వేలాడింది. అమ్మాయిల జట్టు రద్దు.

"మేడమ్ రానీ, మళ్లీ పెట్టిస్తాం," అంది కెప్టెన్. ఆ తర్వాత చాలా రోజులు ఆమెకి ఒళ్లు తెలియని నిద్ర పట్టింది.

వానలు వెలిశాక మేడమ్ తిరిగొచ్చిందని తెలిసి ఇద్దరూ పరుగెత్తారు. ఆవిడ కిటికీలు తెరిచి దుమ్ము దులుపుతోంది.

"ఎన్నాళ్లని ముఖం దాచుకోను? ఆ సెక్రటరీతో తేల్చుకుందామనే వచ్చాను. పిల్లలు ఆడుతున్నారా?"

"ముందు శుభవార్త వినండి మేడమ్! మీ స్థానంలో వచ్చాడే ఆ ముసలాడు, వాణ్ణి ఊరు దాటించాం!"

రొట్టెలు, గది, బురద, మ్యాచ్... ఒకరు ఆపితే ఇంకొకరు అందుకున్నారు. చెప్పేటప్పుడు గోలీకి నవ్వాగలేదు.

మేడమ్ చేతిలో గుడ్డ కదలడం మానేసింది.

"ఎటు వెళ్లాడో చూశారా?"

"ఎటు పోతే మనకేం మేడమ్!"

"నేనే పంపానే ఆయన్ని," అంది మేడమ్. "నేను వచ్చేదాకా జట్టు మూతపడకుండా చూడమని కాళ్లు పట్టుకుని బతిమాలాను. సెక్రటరీకి దండం పెట్టైనా ఆ ఉద్యోగం సంపాదించమన్నాను. నా మనిషని తెలిస్తే రానివ్వడు, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను."

గోలీ ముఖంలో నవ్వు ఆరిపోయింది.

కెప్టెన్ మేడమ్ దగ్గరికి జరిగింది.

"ఎవరు మేడమ్ ఆయన?"

"మా చిన్నప్పటి కోచ్," అంది మేడమ్.